సీమ పల్లెకు ఫిజియోథెరపిస్టు ఎందుకు కావాలి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఫిజియోథెరపీ గది దాకా వచ్చే మనిషి చాలావరకు ఆలస్యంగానే వస్తాడు. నడుము పట్టేసిన మొదటి రోజుల్లో ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. తగ్గకపోతే తైలం, పసరు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు. అప్పటికీ కుదరకపోతే టౌనుకు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకుంటాడు, ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐ తీయించుకుంటాడు. చేతిలో డబ్బు అయిపోయే వేళకు ఎవరో ఒకరు ‘పది రోజులు ఫిజియో చేయించుకో’ అంటారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి. కీలు బిగుసుకుపోతుంది, కండ తగ్గిపోతుంది, కదిలితే ఏమవుతుందోనన్న భయం మనిషిలో పాతుకుపోతుంది. అన్నీ అయిపోయాక చివర్లో గుర్తొచ్చే ఈ వైద్యాన్ని మొదట్లోనే అందిస్తే ఎంతమంది నొప్పి ముదరకుండా ఉండేదో సీమలో ఇంతవరకూ గట్టిగా ఆలోచించలేదు.

చట్టం మాత్రం ఆలోచించింది. పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఫిజియోథెరపిస్టు పనిని నిర్వచించిన చోట చికిత్సతో పాటు నివారణ, ముందస్తు పరీక్ష, ఆరోగ్యాన్ని పెంపొందించడం, ఫిట్‌నెస్ కూడా చేర్చారు. సొంతంగా గానీ, ఇతర వైద్యులతో కలిసి గానీ పనిచేయవచ్చని చెప్పారు. అంటే జబ్బు రాకముందు చేసే పని కూడా ఈ వృత్తిలో భాగమే. కానీ జనం కళ్లకు కనిపించేది ఒక చిన్న గది, రెండు మంచాలు, ఒక కరెంటు మిషను. ‘ఫిజియోకి పోయి కరెంటు పెట్టించుకున్నాం’ అని చెప్పుకుంటారు. ఆ మిషను నొప్పిని కొద్దిసేపు నెమ్మదింపజేస్తుంది, అంతవరకే. మనిషిని మళ్లీ పనికి నిలబెట్టేది వ్యాయామం, కదలిక నేర్పడం, పని చేసే తీరు మార్చడం. ఫిజియోథెరపిస్టు నాలుగేళ్లకు పైగా చదివేది ముఖ్యంగా దానికోసమే.

ఈ అవసరం చిన్నదేమీ కాదు. ప్రపంచంలో 240 కోట్ల మందికి ఏదో ఒక రకమైన పునరావాస చికిత్స ఉపయోగపడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒక్క నడుము నొప్పే 2020లో సుమారు 62 కోట్ల మందిని బాధించింది. మనుషుల్ని పనికి దూరం చేసే కారణాల్లో అదే మొదటిది. ఒంటి కష్టం మీద బతికే సీమలో నడుము పోయిందంటే ఆ ఇంటి కూలి పోయినట్టే.

ఇక్కడి పనులు చూస్తే సంగతి అర్థమవుతుంది. బుడ్డలు (వేరుశనగ) పీకేవాళ్లు రోజంతా నడుము వంచే ఉంటారు, ఒలిచేవాళ్లు గొంతుకూర్చునే ఉంటారు. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి వానలు లేని ఏడాది ఊళ్లకు ఊళ్లే సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. గుంటూరు వైపు మిరప చేలల్లో పొద్దున నుంచి పొద్దుపోయే దాకా వంగి కాయ కోస్తారు, రాత్రి గుడారంలో నేల మీద పడుకుంటారు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్ల మెడ మిషను మీదకు వంగే ఉంటుంది. బేతంచెర్లలో, కడప జిల్లా నాపరాతి గనుల్లో బండలు ఎత్తేవాళ్లున్నారు. ధర్మవరంలో, ఎమ్మిగనూరులో నేతగాళ్లున్నారు. ఒక్కో పని ఒంట్లో ఒక్కో చోట దెబ్బ తీస్తుంది. అది ఎక్కడో, ఎందుకో పసిగట్టడంలోనే ఫిజియోథెరపిస్టు నేర్పు ఉంటుంది.

గుంట మగ్గాన్నే కాస్త దగ్గరగా చూడండి. నేతగాడు గుంట అంచున కూర్చుంటాడు. కాళ్లు గుంటలో, పాదాల కింద తొక్కే చెక్కలు. వీపుకు ఆనుకునేందుకు ఏమీ ఉండదు. చీర అంచులో సన్నటి డిజైను కనిపించాలి కాబట్టి తల ముందుకు, నడుము ముందుకు. ఒక చేయి నాడెను పరిగెత్తించే తాడును లాగుతూనే ఉంటుంది, రెండో చేయి నేతను బిగించే పలకను కొడుతూనే ఉంటుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు ఇదే వరస. నలభై ఏళ్లు దాటేసరికి మెడ, తాడు లాగే వైపు భుజం, నడుము అడుగు భాగం మూడూ మొరాయిస్తాయి. ఇతన్ని క్లినిక్కుకు పిలిచి ‘నేత మానెయ్’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు, అతనికి వేరే పని రాదు. ఫిజియోథెరపిస్టు మగ్గం దగ్గరికే వెళ్తే చెప్పగలిగింది చాలా ఉంటుంది. కూర్చునే పలక ఎత్తు కాస్త పెంచి ముందుకు వాలేలా మెత్త వేస్తే తుంటి తెరుచుకుని నడుము మీద భారం తగ్గుతుంది. దీపం సరైన చోట వేలాడదీస్తే మెడ అంత వంచనక్కర్లేదు. అరగంటకోసారి లేచి, చేతులు నడుము మీద పెట్టుకుని వెనక్కి నాలుగైదు సార్లు వంగితే బిగుసుకున్న కండరాలు సడలుతాయి. భుజం వెనక కండరాలకు బలమిచ్చే రెండు కసరత్తులు చాలు. ఖర్చు దాదాపు లేదు. కాకపోతే మగ్గం చూసిన మనిషి చెప్పాలి. అలవాట్లు ఒక్కసారి చెబితే మారవు కాబట్టి మళ్లీ వచ్చి చూడాలి కూడా.

నడుము నొప్పి విషయంలో ఎంఆర్‌ఐ రిపోర్టు చేసే నష్టాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ‘డిస్కు జారింది’, ‘గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట విన్న రైతు ఇక బరువెత్తితే కాళ్లు పడిపోతాయని హడలిపోతాడు. ఈ టెన్షన్‌కు ఆధారం చాలా తక్కువ. నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కానింగ్‌లను పరిశీలించి 2015లో ఒక సమీక్ష వెలువడింది. ఏ బాధా లేని 20 ఏళ్ల వాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్కు ఉబ్బి కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో అది 84 శాతం. అంటే వయసుతో తల నెరిసినట్టే డిస్కులోనూ మార్పులొస్తాయి. స్కానింగ్‌లో కనబడిన ప్రతిదీ నొప్పికి కారణం కాదు. చాలా నడుము నొప్పులు కొన్ని వారాల్లో వాటంతట అవే నెమ్మదిస్తాయి. ఆ వారాల్లో మంచాన పడుకోబెట్టడం కంటే ఓర్చుకోగలిగినంత కదిలించడమే మేలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి.

అయితే కొన్ని లక్షణాలు కనబడితే వ్యాయామం పక్కనబెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పడం, కూర్చునే భాగం మొద్దుబారడం, కాలు రోజురోజుకూ బలహీనపడటం, జ్వరంతో పాటు బరువు తగ్గడం అలాంటివి. క్షయ వెన్నెముకకు కూడా సోకుతుంది, మన దేశంలో ఆ సంగతి మరచిపోకూడదు. మంచి ఫిజియోథెరపిస్టు మొదటి రోజు అడిగే ప్రశ్నల్లో సగం ఇవే. ఎవరికి చికిత్స చేయాలో తెలిసినంత గట్టిగా ఎవరిని తన దగ్గర ఉంచుకోకూడదో తెలిసిన మనిషి ఊరికి దగ్గర్లో ఉండటమే ఒక రక్షణ.

సూదుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఊళ్లల్లో నొప్పికి వేసే సూది ఆ పూటకు అమృతంలా పనిచేస్తుంది, మర్నాడు మనిషి చేనుకు పోతాడు. వారం వారం అదే అలవాటైతే నొప్పి మందులు కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్లయితే షుగరును పెంచి ఎముకను గుల్ల చేస్తాయి. సూదికి బదులుగా ఇంకో దారి ఊళ్లోనే ఉంటే తప్ప ఈ అలవాటు మానిపించడం కష్టం.

మోకాళ్ల సంగతి వేరు. అరిగిన కీలును వ్యాయామం కొత్తగా చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తొడ ముందు కండరం బలపడితే కీలు మీద పడే భారాన్ని అది పంచుకుంటుంది. నొప్పి తగ్గుతుంది, నడక మెరుగవుతుంది. అందుకే మోకాలి అరుగుదలకు మొదటి చికిత్సగా వ్యాయామాన్నే సూచిస్తారు. చేతులు ఆనించకుండా అరుగు మీంచి లేచి నిలబడి, మళ్లీ మెల్లగా కూర్చోవడం ఇంట్లోనే చేసుకోగలిగిన మంచి కసరత్తు. ఎత్తు ఎక్కువగా ఉన్న అరుగుతో మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ తక్కువ ఎత్తుకు దిగాలి. ఎన్నిసార్లు చేయాలో, ఎంత నొప్పి దాకా ఓర్చుకోవచ్చో మనిషిని బట్టి మారుతుంది. అది తేల్చడానికే నిపుణుడు కావాలి.

పక్షవాతం దగ్గర ఆలస్యం చేసే నష్టం అన్నింటికంటే కళ్లకు కనబడుతుంది. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా మొదటి నాలుగున్నర గంటల్లోపు పెద్దాసుపత్రికి చేరితే రక్తం గడ్డను కరిగించే మందు ఇచ్చే వీలుంటుంది. పసరు మందు కోసం ఊళ్లు తిరిగేవాళ్లు, పడిపోయిన చేతికి పావురం రక్తం పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గంటలు పోతే మళ్లీ రావు. ప్రాణం గట్టెక్కాక మొదలయ్యే పని ఫిజియోథెరపిస్టుది. ఇక్కడ తొందర కూడా మంచిది కాదు. మొదటి 24 గంటల్లోనే రోగిని మాటిమాటికీ, ఎక్కువసేపు లేపి నడిపించడం వల్ల మేలు తగ్గుతుందని అయిదు దేశాల్లో రెండు వేల మందికి పైగా రోగులతో జరిగిన ఏవర్ట్ అధ్యయనం 2015లో తేల్చింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, రోజూ చేయించాలి. కోలుకోవడం అన్నింటికంటే వేగంగా జరిగేది మొదటి మూడు నెలల్లో. సరిగ్గా ఆ మూడు నెలలే సీమ రోగి ఇంట్లో, మంచంలో గడిచిపోతాయి.

ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. పెద్దాయన్ను మంచం మీంచి లేపాలి. కొడుకు వచ్చి చచ్చుబడిన చేతిని పట్టుకుని పైకి లాగుతాడు. ప్రేమతోనే లాగుతాడు. కానీ ఆ భుజం చుట్టూ కండరాల్లో పట్టు లేదు, కీలును పట్టి ఉంచేవి దాని చుట్టూ ఉన్న స్నాయువులు, పొర తప్ప ఏమీ లేనట్టే. లాగిన ప్రతిసారీ చేయి గూటిలోంచి కిందికి జారుతుంది. నెల తిరిగేసరికి భుజం నొప్పి భరించలేనంత అవుతుంది. చేయి తాకనివ్వడు, వ్యాయామం చేయనివ్వడు. కోలుకోవాల్సిన కాలం నొప్పితోనే తెల్లారుతుంది. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి ఇంటికొచ్చి చూపిస్తే ఇది తప్పుతుంది. చేతిని కాకుండా నడుము చుట్టూ తుండుగుడ్డ వేసి పట్టుకోవాలి. కూర్చోబెట్టినప్పుడు చచ్చుబడిన చేతిని ఒళ్లో దిండు మీద ఉంచాలి. పక్కకు పడుకోబెట్టినప్పుడు భుజాన్ని కాస్త ముందుకు లాగి పెట్టాలి. అన్నం, నీళ్లు, మాట అన్నీ ఆ బలహీనమైన వైపు నుంచే అందిస్తే మెదడు ఆ వైపును మరచిపోకుండా ఉంటుంది. ఇవన్నీ కోడలికో, మనవడికో ఒక గంటలో నేర్పే పనులు. రోజూ కారు మాట్లాడుకుని టౌనుకు తీసుకెళ్లే స్తోమత లేని ఇంటికి ఆ గంట శిక్షణ పది సిట్టింగుల కంటే ఎక్కువ.

షుగరు గురించి మాట్లాడేటప్పుడు ఫిజియోథెరపిస్టు ఊసే రాదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. షుగరు ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. వెనక్కి చేయి పోదు, జడ వేసుకోలేరు, పై అరలో డబ్బా అందుకోలేరు. ‘వాతం చేసింది’ అనుకుని ఊరుకుంటారు. పాదాల్లో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియని స్థితి ఇంకో ప్రమాదం. రాళ్లూ ముళ్లూ ఉన్న చేలల్లో చెప్పులు లేకుండా నడిచేవాళ్లకు అది కాలు తీసేసే దాకా పోవచ్చు. నివారణ మాటకొస్తే, షుగరు వచ్చే దశలో ఉన్న భారతీయుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. నడక, తిండి అలవాట్లు మార్చుకున్నవాళ్లలో షుగరు రావడం 28 శాతం మేర తగ్గింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ‘మేం రోజూ పని చేస్తూనే ఉన్నాం కదా’ అనే కూలికి ఈ మాట నచ్చదు, అందులో న్యాయముంది. పొద్దంతా ఒకే భంగిమలో వంగి ఉండే శ్రమ ఒంటిని అలసింపజేస్తుందే కానీ అన్ని కండరాలకూ బలమివ్వదు. అతనికి కావాల్సింది ఇంకాస్త శ్రమ కాదు. వంగిన నడుముకు వెనక్కి చాపు, పనిచేయని కండరాలకు పని, కాస్త విశ్రాంతి కావాలి. అందరికీ ఒకే నడక సలహా రాసిచ్చే చీటీలో ఈ తేడా కనబడదు.

అనంతపురం ప్రాంతంలో బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఇంకో సమస్య. మెడ, వెన్ను, కీళ్లు బిగుసుకుపోయాక దాన్ని వెనక్కి తిప్పే వైద్యం లేదు. నీళ్లు మార్చడమే అసలు పని. మిగిలి ఉన్న కదలికను కాపాడటంలో మాత్రం ఫిజియోథెరపీ సాయపడుతుంది. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకూ అంతే, ఊపిరి తీసుకునే పద్ధతి, ఆయాసం రాకుండా పని చేసుకునే పద్ధతి నేర్పితే రోజు గడవడం కాస్త సులువవుతుంది.

కాన్పు తర్వాత ఆడవాళ్ల ఇబ్బంది అయితే బయటికే రాదు. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడటాన్ని తల్లికి కూడా చెప్పుకోలేరు. కాన్పయ్యాక ఇది మామూలేనని సర్దుకుపోతారు. మూత్రాన్ని ఆపి పట్టే కటి అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం మూడు నెలల పాటు పద్ధతిగా చేస్తే చాలామందికి ఇది బాగా తగ్గుతుంది. ఆపరేషను దాకా పోకముందు చేయాల్సిన మొదటి చికిత్స ఇదే. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త కాన్పు తర్వాత ఇంటికి వెళ్తూనే ఉంటారు. వాళ్లకు ఈ ఒక్క విషయం మహిళా ఫిజియోథెరపిస్టు నేర్పితే ఎన్ని ఇళ్లల్లో ఎంత సిగ్గు, ఎంత బాధ తగ్గుతుందో!

పిల్లల విషయంలో దారి కొంతవరకు వేశారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఎదుగుదల వెనకబడిన పిల్లల్ని గుర్తించి ముందుగానే చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ చేయిస్తారు. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దశాబ్దాలుగా పల్లెల్లో వికలాంగులతో పనిచేస్తోంది. ఈ అనుభవం చెప్పేది ఒకటుంది. మెదడు పక్షవాతంతో (సెరిబ్రల్ పాల్సీ) పుట్టిన బిడ్డకు కేంద్రంలో దొరికే చికిత్స వారానికి గంటా రెండు గంటలే. మిగతా రోజులన్నీ ఆ బిడ్డ అమ్మ ఒళ్లోనే ఉంటుంది. ఎత్తుకునే తీరు, కూర్చోబెట్టే తీరు, అన్నం పెట్టే తీరు అమ్మకు నేర్పినప్పుడే చికిత్స రోజంతా సాగుతుంది.

వృత్తి లోపల సరిదిద్దుకోవాల్సినవీ ఉన్నాయి. వచ్చిన ప్రతి రోగినీ పదిహేను నిమిషాలు మిషను మీద పెట్టి, సిట్టింగు లెక్కన డబ్బు తీసుకుని పంపేసే క్లినిక్కులు తక్కువేమీ లేవు. ఇంటికి వెళ్లి చేసుకోవాల్సిన వ్యాయామం ఒక్కటీ నేర్పకపోతే ఆ చికిత్స రోగిని క్లినిక్కుకు కట్టేస్తుంది. డిగ్రీ లేకుండా నాలుగు నెలలు ఎక్కడో పనిచేసి బోర్డు పెట్టేవాళ్లు ఇంకో బెడద. నాకేమైంది, ఎన్ని వారాల్లో ఎంత మెరుగవ్వాలి, ఇంట్లో నేను ఏం చేయాలి అని మొదటి రోజే అడగడం రోగి హక్కు. జవాబు రాని చోట రెండో రోజు పోనక్కర్లేదు.

ఇంట్లో పడిపోయే ముసలివాళ్ల గురించి ఎవరు పట్టించుకుంటున్నారు? పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో. ఊళ్లో ఇద్దరో, ఒక్కరో. తుంటి ఎముక విరిగితే అక్కడితో నడక ఆగిపోతుంది. తూలకుండా నిలబడే, కాళ్ల బలం పెంచే వ్యాయామాల వల్ల పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2019లో తేల్చారు. నులక మంచం కుంగిపోయి నేలకు దగ్గరైతే కాళ్ల కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచడం, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించడం, రాత్రి లేచే దారిలో బల్బు పెట్టడం కూడా ఫిజియోథెరపిస్టు ఇంటికొస్తే చెప్పే సలహాలే.

కొత్తగా భవనాలు కట్టకుండానే దీన్ని మొదలుపెట్టవచ్చు. గ్రామాలకు 104 సంచార వైద్య వాహనం వెళ్తోంది, బీపీ, షుగరు చూస్తోంది. నెలకు ఒక రోజు అందులో ఒక ఫిజియోథెరపిస్టు ఎక్కితే చాలు. బీపీ చూసే వరుసలోనే ఒక కుర్చీ వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టించాలి. అరవై దాటినవాళ్లలో ఈ లెక్క తక్కువ వచ్చినవాళ్లకు పడిపోయే ప్రమాదం ఎక్కువ. వాళ్ల పేర్లు ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవాళ్ల జాబితా, నడుము పట్టి పనికి పోలేని వాళ్ల జాబితా కూడా ఆ పుస్తకంలోనే చేర్చాలి. మరుసటి నెల వాహనం వచ్చినప్పుడు ఫిజియోథెరపిస్టు ముందు ఆ ఇళ్లకు వెళ్లాలి.